కొండ కంటే తక్కువ

లారీ రాత్రి రెండింటికి కదిలింది.
ముందొక జీపు, వెనకొక జీపు,
నడుమ సీసపు పీపాలో
ముప్పై ఏండ్లు నేను తడి ఆరనియ్యని కడ్డీలు.
మడికొండ దాటిందని ఫోనొచ్చేదాకా
మెట్ల మీదనే కూచున్న.
డ్రైవరు చాయ్ కోసం ఆపుతడేమోనని ఒకటే గుబులు.

పొద్దున లాగ్‌బుక్కు తెరిచి
"కోర్: ఖాళీ" అని రాసిన.
చేతిరాత నాదే.
డ్యూటీ ఎక్కే ఆపరేటరు సంతకం కాడ
ఎప్పటిలెక్క గీత కొట్టబోయి ఆగిన.

*

చిన్నది మాది.
వంద కిలోవాట్లు. ఒక్క బల్బు వెలిగించి ఎరుగదు.
కరెంటు కోతల కాలంల
హన్మకొండ చౌరస్తాల ఎవరు కనపడ్డా అదే మాట:
"మీ కాడ అణువు పెట్టుకొని
మాకు ఆరు గంటల కోతేందయ్యా?"
ఏం చెప్తం.
ఏనుమాముల మిర్చి పొడి, పరకాల చెల్క మన్ను,
ఏ ఊరిదో బోరింగు నీళ్లు
చిన్న చిన్న సీసాలల్ల వచ్చేటియి.
లోపల దాచుకున్నదంతా ఒప్పుకునేటియి:
గింత ఆర్సెనిక్కు, గింత మాంగనీసు.
ఒక తీరు పోలీసు స్టేషనే,
దెబ్బ తగిలిన సంగతి మిర్చికి తెల్వదు, అంతే.

కొత్త బ్యాచి వచ్చినప్పుడల్లా
తాహెర్ సారు లైట్లార్పించేటోడు.
ఏడు మీటర్ల నీళ్లడుగున
నీలం.
గ్యాసు మంట అన్నరు, మైలుతుత్తం అన్నరు.
తుడుపు గుడ్డ భుజాన ఏసుకొని ఓదెలు అన్నడు:
"కట్లపువ్వు సారూ. నీళ్లల్ల పడ్డ కట్లపువ్వు."
ఆ ఐదు నిమిషాలు ఎవరూ నోట్సు రాసుకోలే.
చీకటి వల్ల కాదు.

*

నీళ్లు తోడ పదకొండు రోజులు పట్టింది.
తొమ్మిదోనాడు, అడుగున,
తాహెర్ సారు కళ్లద్దాలు.
తొంభై ఏడుల కిందికి వంగి చూస్తుంటే జారినయి.
ఆ నెలంతా కండ్లు చిట్లించి పాఠం చెప్పిండు,
మాకేమో తిడుతున్నట్టుండేది.
ఇప్పుడు సారు లేడు.
వాళ్ల బిడ్డకిస్తనని అడిగిన.

సర్వే ఆఫీసరు భూక్యా సునంద,
మహబూబాబాదు దిక్కు తండా పిల్ల,
కౌంటరు దగ్గర పెట్టి వినిపించింది.
ఫ్రేముల లోహం కోబాల్టయి కూచుంది.
"ఐదేండ్లకు సగమైతది అంకుల్,
ఇంకో ఐదేండ్లకు అండ్ల సగం."
చిట్టీ ఎత్తుకున్నోని బాకీ లెక్క,
తీరుతనే ఉంటది, తీరదు.
పసుపు డ్రమ్ముల వేసి మూత బిగించిన్రు.
చీటీ మీద బరువు రాసిన్రు, తేదీ రాసిన్రు.
చూపు అని రాసే గడి ఆ చీటీల లేదు.

తర్వాత వజ్రం తీగెతోని కాంక్రీటు కోత.
ఆరు వారాలు పండ్లు జిల్లుమన్నయి.
అయినంక, జానెడు జానెడు గళ్లు గీసి
నేలంతా గుండ్రటి కాయితాలతో తుడిచి
ఒక్కొక్క కాయితాన్ని లెక్కపెట్టిన్రు.
నాలుగు వేల మూడు వందల కాయితాలు.
ఏం లేదు.
ఓదెలు నడుం మీద చెయ్యేసుకొని నిలబడ్డడు.
"ముప్పై ఏండ్లు తుడిచిన. ఒక్కలూ లెక్కపెట్టలే.
ఇయ్యాల పరీక్ష పెట్టి
నన్ను పాసు చేస్తరా?"

*

ఆఖరి రీడింగు.
గది నడిమిట్ల: సున్నా పాయింటు సున్నా తొమ్మిది.
సునంద రాసుకొని బయటికొచ్చి,
చెప్పులు తొడుక్కుంటా
కౌంటరు మెట్టు మీద పెట్టింది, ఊకెనే.
అది గబగబ కొట్టుకున్నది.
సున్నా పాయింటు రెండు నాలుగు.
రాయి. ఉత్త గ్రానైటు రాయి.
లారీ పోయిన రాత్రి నేను కూచున్న రాయి.
"ఈ గుట్టలన్నీ ఇంతే అంకుల్, పుట్టినప్పటి నుంచి."
ఓదెలు మెట్టును కాలితో తట్టిండు.
"మరి దీన్నెవలు మూస్తరు బిడ్డా?"
ఆమె నవ్వింది గాని జవాబు రాలే.

బ్యాడ్జి అప్పజెప్పి బయల్దేరిన.
జేబు కాడికి చెయ్యి పోతనే ఉంది.
పద్మాక్షి గుట్ట పక్క మలుపుల
స్కూటరాపి లైటార్పిన.
చానాసేపు చూసిన.
నీలం లేదు, ఏం లేదు,
నలుపు మీద ఇంకింత నలుపు.
వెనక నుంచి ఆటోవాడు హారను కొట్టిండు.